మోకాళ్ల సీను

జనవరి 9, 2010, శనివారం

బయట మంచు. ఉదయ్ డ్రైవ్‌వే క్లియర్ చేస్తున్నాడు. నేను ఇంకా హెస్టర్ మార్లాండ్ జీవితకథ దగ్గరే ఉన్నాను. లైబ్రరీ పుస్తకం, మళ్లీ రెన్యూ చేశాను. రెండువందల యాభై ఏళ్ల కిందటి లండన్ నటి. తల్లి థియేటర్‌లో జనానికి నారింజపళ్లు అమ్మేది. ఈ పిల్ల తెర వెనక బట్టల మూటల మీద పడుకుని, విని విని, అందరి పార్టులూ అప్పజెప్పేది. పదిహేడేళ్లకి హీరోయిన్. ఆ తర్వాత పెళ్లి, వేషాలు దొరకని ఒక నటుడితో. ఆ రోజుల్లో చట్టం ప్రకారం భార్య సంపాదన భర్తది. ఆడేది ఆమె. సంతకం పెట్టి జీతం తీసుకునేది అతను.

ఉగాదికి ఇక్కడి తెలుగు సంఘంవాళ్లు నాటకం వెయ్యమన్నారు. ఏటా నేనే వేస్తాను, ఏటా అత్తాకోడళ్ల కామెడీ. ఈసారి హెస్టర్. ఉదయ్‌తో చెబితే, ఇంగ్లీషావిడ కష్టాలు పరాయి దేశంలో, ఈ ట్రాయ్ ఊళ్లో ఉన్న మనవాళ్లకెందుకు గిరిజా అన్నాడు. భర్త వేషం నీదే అన్నాను. పార అక్కడే పడేసి లోపలికొచ్చాడు.

జనవరి 17

మోకాళ్ల సీను రాశాను. ఏడుస్తూ రాశాను.

జరిగింది ఇది. ఒక చలికాలం హెస్టర్ కూతురికి జ్వరం తగిలింది. ఆ రాత్రి ఆమె స్టేజ్ మీదికి రాలేదు. టిక్కెట్లు కొన్నవాళ్లకి కోపం. భర్త కాఫీ హౌసుల్లో కూర్చుని, పిల్లా లేదు జ్వరమూ లేదు, ఎవడితోనో ఉందని చెప్పాడు. పిల్ల చనిపోయింది. పాతిపెట్టిన మర్నాడే హెస్టర్ స్టేజ్ ఎక్కితే, జనం ఆమె మీద నారింజ తొక్కలు విసిరారు. క్షమాపణ చెప్పు, మోకాళ్ల మీద చెప్పు అని అరిచారు. ఆమె మోకరిల్లింది. చప్పట్లు కొట్టారు. తర్వాత నాటకం మొదలైంది.

పుస్తకంలో ఇదంతా అర పేజీ.

కొన్ని నెలలకి ఆమె లండన్ నుంచి మాయమైంది. భర్త పేపర్లలో ప్రకటన వేశాడు, నా భార్యకి ఎవరూ పని ఇవ్వకూడదు అని. ఆమె సముద్రం దాటి, వేరే పేరుతో, వేరే ఊళ్లో మళ్లీ స్టేజ్ ఎక్కింది. అదే నా చివరి సీను.

జనవరి 23

మా బేస్‌మెంట్‌లో ఆడిషన్స్. అందరికీ నవ్వొచ్చే వేషాలే కావాలి. చివర్లో ఉషా అనే అమ్మాయి వచ్చింది. తెనాలి దగ్గర ఏదో ఊరు. అక్కడ స్కూల్లో సోషల్ చెప్పేదట. మూడేళ్లుగా ఇక్కడ, H-4, అంటే భర్త వీసా మీద వచ్చింది, ఉద్యోగం చెయ్యకూడదు. ఎప్పుడూ నాటకం వెయ్యలేదు. కాగితం తీసుకుని మామూలుగా చదివింది. అంతే, సమోసాలు తింటున్నవాళ్లు నమలడం ఆపేశారు.

ఆ గొంతులో ఏముందో రాయలేను. అడుగుతున్నట్టు ఉంటుంది, కానీ ఎవర్నీ బతిమాలదు.

భర్త హర్షవర్ధన్ డ్రాప్ చేసి వెళ్లలేదు. ఆడిషన్ అయ్యేదాకా కారు స్టార్ట్‌లోనే ఉంచి బయటే కూర్చున్నాడు. లోపలికి రమ్మని నేనే వెళ్లి పిలిచాను. పర్లేదండీ, ఇక్కణ్నుంచి మీ బేస్‌మెంట్ కిటికీ కనిపిస్తుంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఫిబ్రవరి 6

ఉదయ్ కొయ్య. ఉషా పక్కన మరీ కొయ్య. చెయ్యి పట్టుకుని లాగాల్సిన చోట, ఎక్స్‌క్యూజ్ మీ అన్నట్టు పట్టుకుంటాడు. ఆ సీను తీసెయ్యమని హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. చెయ్యి పట్టుకోవడం అవసరమా అండీ అని. తీసేశాను. ఎందుకు తీశానో తెలియదు. గొడవ వద్దనుకున్నాను.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే ఉషా, ఇంట్లో వేసుకునే చెప్పులతో, తనది కాని పెద్ద కోటులో. వెనక ఒక నల్లజాతి పెద్దావిడ. మిస్ లొరెయిన్, వాళ్ల కింది అపార్ట్‌మెంట్, రిటైర్డ్ నర్సు. హర్షవర్ధన్ ఉషాని బాల్కనీలోకి పంపి తలుపు వేసేశాడట. కోటు లేకుండా. మంచులో. నిన్న రిహార్సల్ నుంచి లేటుగా వచ్చినందుకు. పైన ఎవరో రెయిలింగ్ కొడుతున్న చప్పుడు విని ఆవిడ పైకెళ్లి, తలుపు తీయకపోతే పోలీసుల్ని పిలుస్తానందట.

ఉషా చేతులు వేడినీళ్లలో పెట్టబోతే మిస్ లొరెయిన్ నన్ను ఆపింది. గోరువెచ్చనివి, మెల్లగా అంది. వెళ్తూ తన నంబర్ ఉషా అరచేతిలో పెన్నుతో రాసింది.

ఉషా ఏడవలేదు. నేను ఇక్కడ ఎవర్ని అక్కా, ఆయన వీసా కాగితంలో ఒక పేరుని, అంతేగా అంది.

ఫిబ్రవరి 14

హర్షవర్ధన్ వచ్చాడు. కాఫీ తాగాడు. చిన్న విషయం అండీ, ఆ తలుపు ఆటోమేటిక్‌గా లాక్ అవుతుంది, మెయింటెనెన్స్‌కి చెప్పాలి అన్నాడు. ఉషా మేమిచ్చిన గదిలోంచి రాలేదు. కప్పు తనే సింక్‌లో పెట్టి, మీరు చాలా హెల్ప్ చేస్తున్నారు గిరిజగారూ, అందరికీ చెప్తాను అన్నాడు.

ఫిబ్రవరి 22

చెప్పాడు. గుడిలో, ఆఫీసులో, పాట్‌లక్ విందులో. నాటకాల పిచ్చితో గిరిజ వాళ్ల కాపురం చెడగొట్టిందని ఒకరు. ఉషాకి మెంటల్ అని ఇంకొకరు. ఇంకోమాట కూడా ఉంది. ఉదయ్ పేరుతో. అది రాయను.

సంఘం ప్రెసిడెంట్ వీరభద్రరావుగారు ఫోన్ చేశారు. అమ్మా, ఆ అమ్మాయి వేషం ఇంకెవరికైనా ఇవ్వు, సెన్సిటివ్ మేటర్ అన్నారు. ఇవ్వను అన్నాను. ఫోన్ పెట్టేశాక ఉదయ్, మనకెందుకే ఇదంతా అన్నాడు. అని, వెళ్లి ఉషా గదిలో హీటర్ పనిచేస్తుందో లేదో చూసొచ్చాడు.

మార్చి 12

వీరభద్రరావుగారు వేషం జోలికి రాలేదు. టైమ్ తగ్గించారు. పిల్లల డాన్సులు ఎక్కువైపోయాయట. నాటకం మోకాళ్ల సీనుతో ఆపెయ్యి, ఆ తర్వాతవి కట్ చేసెయ్ అన్నారు. భర్త ఒంటరిగా మాట్లాడే సీనూ పోయింది, కొత్త ఊరూ పోయింది. నేను ఒప్పుకున్నాను. అసలే లేకపోవడం కంటే నయం కదా అని ఉషాతో అన్నాను. రోజూ తెనాలి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది. ఉషా పాస్‌పోర్ట్ హర్షవర్ధన్ ఆఫీసు సొరుగులో ఉంది.

మార్చి 20

ఎలా రాయను.

హాలు నిండింది. ఉషా బ్రహ్మాండంగా చేసింది. మోకాళ్ల సీను వచ్చింది. జనంలాగా అరిచేవాళ్లని సైడ్ నుంచి నేనే అరిపించాను. ఉషా నిలబడింది. చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక మోకాలు, తర్వాత రెండోది. అక్కడ లైట్లు ఆరాలి. హాలు నిశ్శబ్దంగా ఉండాలి. మనమూ ఆ జనంలో ఉన్నామని వాళ్లకి తెలియాలి. అందుకే రాశాను దాన్ని.

రెండో వరసలో హర్షవర్ధన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

పక్కవాళ్లు లేచారు. తర్వాత అందరూ. కొందరు నటనకే కొట్టి ఉంటారు. ఎవరు దేనికి కొట్టారో ఎలా తెలుస్తుంది? ఉషా మోకాళ్ల మీదే ఉంది. అతను బొకే పట్టుకుని స్టేజ్ ఎక్కాడు. వీరభద్రరావుగారు మైకు తీసుకుని, చూశారా, ఆడవాళ్లు కాస్త వంగితే తప్పులేదు, ఇల్లు నిలబడుతుంది, మన గిరిజ మంచి సందేశం ఇచ్చింది అన్నారు.

మంచి సందేశం.

ఫోటోలు తీశారు. ఆంటీలందరూ ఉషాని చుట్టేసి, ఇంక ఇంటికెళ్లమ్మా, ఎంత మంచివాడో చూడు అన్నారు. నేను అక్కడే ఉన్నాను. విగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వద్దు ఉషా అని ఒక్కమాట నోట్లోంచి రాలేదు. మేకప్ తుడుచుకోకుండానే అతని కారెక్కింది.

మార్చి 21

గదిలో తన దుప్పటి మడతపెట్టి ఉంది.

ఏప్రిల్ 3

యూనివర్సిటీ తెలుగు స్టూడెంట్స్ వాళ్ల ఊళ్లో, ఆన్ ఆర్బర్‌లో, నాటకం వెయ్యమంటున్నారు. పూర్తి నాటకం, టైమ్ లిమిట్ లేదు. కుదరదని మెయిల్ రాస్తుంటే హర్షవర్ధన్ ఫోన్, స్టూడెంట్స్ తనకీ చెప్పారట. ఉషా వేస్తుంది అండీ, నేనే తీసుకొస్తాను అన్నాడు. అందరూ మెచ్చుకున్నాక అతనికి గర్వంగా ఉన్నట్టుంది. ఫోన్ ఉషాకి ఇచ్చాడు. స్పీకర్‌లో. వేద్దాం అక్కా అంది. పూర్తిగా వేద్దాం, మోకాళ్ల సీను ఉంచండి అంది.

ఆ సీను మార్చి రాస్తానన్నాను. వద్దంది. ఉండాలి అంది.

ఏప్రిల్ 17

ఫోన్‌లోనే రిహార్సల్స్. గొంతు అలాగే ఉంది. మధ్యలో ఒక్కటే ప్రశ్న అడిగింది. నేను మోకాళ్ల మీంచి లేచి వెళ్లాక ఉదయ్ అన్నయ్య ఒక్కడే మాట్లాడే సీను ఎంతసేపు ఉంటుంది అక్కా అని. చీర మార్చుకుని గౌను వేసుకోవడానికి టైమ్ సరిపోవాలిగా అంది. అసలు మన నాటకంలో చీరే లేదు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

లేదు, ఏదో తడబడి అని ఉంటుంది. నిద్రలేదు నాకు.

ఏప్రిల్ 24, ఆన్ ఆర్బర్ నుంచి వచ్చాక

వరసగా రాస్తాను.

హాల్లో స్టూడెంట్స్, బయట కాస్త వర్షం. హర్షవర్ధన్ ముందు వరసలో వీడియో కెమెరాతో. చివరి వరసలో మిస్ లొరెయిన్! ఒక్క తెలుగు ముక్క రాదు, అయినా ఉషా కోసం అంత దూరం వచ్చిందని ముచ్చటపడ్డాను. ఎంత పిచ్చిదాన్ని.

మోకాళ్ల సీను. ఉషా మోకరిల్లింది. హర్షవర్ధన్ కెమెరా పట్టుకునే ఒక చేత్తో తొడ మీద చరిచి చప్పట్లు కొట్టాడు. ఈసారి హాల్లో ఇంకెవరూ కొట్టలేదు. ఉషా లేచి, నా పక్కనుంచే లోపలికి వెళ్లింది. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం. చల్లగా ఉంది.

ఉదయ్ స్టేజ్ ఎక్కాడు. భర్త సీను. ఆమె వెళ్లిపోయిందని తెలిసి, ఖాళీ గదిలో మాట్లాడుకుంటాడు. మొత్తం పది లైన్లే. తర్వాతి సీనుకి ఉషా రాలేదు. వెనక గదికి పరిగెత్తాను. హెస్టర్ గౌను కుర్చీ మీద ఉంది. వెనక తలుపు సగం తెరిచి ఉంది, బయట వర్షం. చివరి వరస చూశాను. మిస్ లొరెయిన్ లేదు.

అప్పుడు అర్థమైంది. హర్షవర్ధన్ చీకట్లో, కుర్చీలో, కదలకుండా ఉండేది ఈ నాటకం నడిచినంతసేపే.

వింగ్‌లోకి వచ్చాను. ఉదయ్ పది లైన్లూ అయిపోయి నావైపు చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాను. లేదు అని.

ఉదయ్ నన్ను చూశాడు. తలుపు వైపు చూశాడు. జనం వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాడు.

నేను రాయని మాటలు. ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో నాకు తెలియదు అన్నాడు. ఆమెకి ఏ కూర ఇష్టమో అడగలేదు అన్నాడు. లండన్‌లో కూర ఏంటని ఎవరూ నవ్వలేదు. పిల్లకి జ్వరం వచ్చినరోజు నేను ఎక్కడున్నాను అన్నాడు. అంతమంది ముందు ఆమెని మోకాళ్ల మీద చూసి ఎలా ఊరుకున్నాను అన్నాడు. నా భర్త, బర్త్‌డే పార్టీలో నాలుగు మాటలు మాట్లాడమంటే దాక్కునే మనిషి. స్టేజ్ ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ, కుర్చీ ఎత్తి కింద పెడుతూ, మాట్లాడుతూనే ఉన్నాడు. హర్షవర్ధన్ వీడియో తీస్తూనే ఉన్నాడు.

ఇంక మాటలు లేక ఉదయ్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేనే లైట్లు ఆర్పాను.

తర్వాత హర్షవర్ధన్ వెనక గదిలోకి వచ్చాడు. అరవలేదు. గౌను తీసుకుని లోపలివైపు తిప్పి చూశాడు, మనిషి అందులో ఉన్నట్టు. ఎక్కడుంది అన్నాడు. తెలియదన్నాను. నిజం.

తిరిగొస్తూ కారులో ఉదయ్‌ని అడిగాను, ఆ మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయని. వైపర్ల స్పీడు పెంచాడు. లైన్లు మర్చిపోయానే, ఏదో వాగాను అన్నాడు.

ఏప్రిల్ 27

పోలీసాఫీసర్ వచ్చాడు. హర్షవర్ధన్ మిస్సింగ్ రిపోర్ట్ ఇచ్చాడట. ఉషా తనే స్టేషన్‌కి ఫోన్ చేసి, క్షేమంగా ఉన్నాను, నా ఇష్టంతో వెళ్లాను, ఎక్కడున్నానో ఆయనకి చెప్పొద్దు అందట. ఆఫీసర్ వెళ్లాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

మే 8

సంఘం మెయిల్. కల్చరల్ కమిటీ నుంచి నన్ను తీసేశారు. గుళ్లో ఇద్దరు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు. మూడో ఆవిడ, పేరు రాయను, చెప్పుల దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ఉషా ఫోన్ చెయ్యదు. చెయ్యకపోవడమే మంచిది. అయినా మోగితే ఉలిక్కిపడతాను.

ఆగస్టు 1

మిస్ లొరెయిన్ గ్రోసరీ స్టోర్‌లో కనిపించింది. పుచ్చకాయలు తట్టి చూస్తోంది. నేనేమీ అడక్కముందే, ఆ అమ్మాయి పిల్లలకి పాఠాలు చెబుతోంది అంది. ఒక పుచ్చకాయ నా కార్ట్‌లో పెట్టి వెళ్లిపోయింది.

డిసెంబర్ 5

మంచు. తలుపు తీస్తే హర్షవర్ధన్. చిక్కిపోయాడు. లోపలికి రాలేదు. ఆ వీడియో చాలాసార్లు చూశాను అండీ అన్నాడు. ఉదయ్‌గారి సీనుతో ఆగిపోతుంది, తర్వాత ఏముంది అని అడిగాడు.

చెప్పాను. కొత్త ఊరు. ఆమె ఒక్కతే స్టేజ్ మీద. వేరే పేరు.

తల ఊపాడు. భుజాల మీద మంచు పడుతోంది, దులుపుకోలేదు.

ఏ ఊరు అన్నాడు.

తలుపు వేసి గొళ్లెం పెట్టాను.