కొల్లేటి అమ్మాయిల గ్రామఫోను ప్లేటు

తాడేపల్లిగూడెం,
20 జూన్ 2024.

గౌరవనీయులైన సలోమి గారికి, ముక్కూ మొహం తెలియని చలపతిరావు నమస్కారాలు.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరయ్యానండి. ఏలూరులో మీ చర్చి నూరేళ్ల సంచికలో మీ ముగ్గురమ్మాయిల పాత ఫోటో, కింద పేర్లూ చూసి నా గుండె ఆగినంత పనయింది. మీ అడ్రసు పాస్టరు గారిని బతిమాలి తీసుకున్నాను.

అసలు సంగతి, మీ ప్లేటు నా దగ్గర ఉంది. సలోమి, రూబీ, విజయకుమారి అని మీ ముగ్గురి పేర్లూ దాని మీద చక్కగా కనబడతాయి. 1968లో మా మేనమామ పెళ్లిలో చూసి, మనసు పడి అడిగి తెచ్చుకున్నాను. ఒకచోట చిన్న గీత ఉంది. అయినా రోజూ పొద్దున్నే పెట్టుకుంటాను. అది లేకపోతే నాకు రోజు గడవదండి.

మీ దర్శనం కోరే
చలపతిరావు

తా.క.: అందరూ మొదటి వైపే మెచ్చుకుంటారు. నా ఓటు మాత్రం రెండో వైపుకే.

* * *

ఏలూరు,
27 జూన్ 2024.

చలపతిరావు గారికి ప్రభువు పేరిట వందనాలు.

మీ ఉత్తరం చదివి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయండి. హాస్టల్లో మా ముగ్గురికీ కలిపి ఒకటే సత్తు ప్లేటు ఉండేది. మా పేర్లు మేకుతో చెక్కుకున్నాం. మీరు చెప్పిన గీత రూబీదే అయ్యుంటుంది, దాని చెయ్యి ఒకచోట ఆగేది కాదు. ఆ ప్లేటు ఏ పెళ్లిలో మర్చిపోయామో గానీ మీ ఇంటికి చేరిందన్నమాట!

తిరిగి ఇవ్వక్కర్లేదండి. రోజూ పెట్టుకుంటున్నారుగా, అంతకన్నా ఏం కావాలి. నల్లబడితే చింతపండు వేసి గట్టిగా తోమండి.

ఇట్లు
సలోమి, రిటైర్డ్ హెడ్ నర్సు

తా.క.: రెండో వైపు సంగతి మాత్రం బోధపడలేదు. ప్లేటు బోర్లించి ఎవరు తింటారండీ?

* * *

తాడేపల్లిగూడెం,
15 జూలై 2024.

మహాగౌరవనీయులైన సలోమి గారికి,

మీ ఉత్తరం నిన్న మా సంఘంలో చదివి వినిపించాను. మేం పదకొండు మందిమి. ఆకివీడు నుంచి చేపల వ్యాపారం ప్రసాదరావు, పెదపాడు నుంచి పాపారావు మాస్టారు, ఇంకా అలాంటి పిచ్చివాళ్లమే. ప్రతి నెలా రెండో ఆదివారం మీ ప్లేటు కోసమే మా ఇంట్లో కలుస్తాం. సత్తు ప్లేటు, చింతపండు మాటలకి అందరం పడీపడీ నవ్వామండి. ఇంత హాస్యప్రియులని అనుకోలేదు. మేం మెత్తటి గుడ్డతో తప్ప తుడవం.

ఆ గీత రూబీ గారు స్వయంగా గీసిందని వినగానే అందరం లేచి నిలబడ్డాం. పాపారావు మాస్టారు దాన్ని కళ్లకద్దుకున్నారు.

పదకొండు మందిమీ ఆ ఒక్క ప్లేటు చుట్టూ కూర్చుంటాం. ఎవరూ నోరు మెదపరు. ప్రసాదరావుకి సగంలోనే కళ్లనీళ్లు కారిపోతాయి. అయిపోగానే అందరిదీ ఒకటే గోల, "ఇంకోసారి పెట్టండి, ఇంకోసారి" అని.

మీరొకసారి వచ్చి తీరాలి.

మీ అభిమాని
చలపతిరావు

తా.క.: మా ఆవిడ లక్ష్మీప్రసన్న కాపురానికొచ్చిన కొత్తలో "ఎప్పుడూ అదే ప్లేటా?" అని విసుక్కునేది. ఇప్పుడు తను లేకుండా పెట్టామంటే ఊరుకోదు.

* * *

ఏలూరు,
22 జూలై 2024.

చలపతిరావు గారికి,

వందనాలు తర్వాత. పదకొండు మందీ ఒకే ప్లేటులోనా? మీకేమైనా మతిపోయిందా అండీ? ముప్పైమూడేళ్లు ఆస్పత్రిలో చేశాను. కామెర్లంటే ఏమిటో మీకు తెలుసా? అందులోనూ గుడ్డతో తుడిచి ఊరుకుంటారా!

కళ్లనీళ్లు కారుతున్నాయంటే కారం ఎక్కువైందన్నమాట, ప్రసాదరావు గారికి తగ్గించి పెట్టండి. ఇంకోసారి పెట్టమంటున్నారంటే పాపం ఎవరికీ చాలటం లేదు. ఇంటికి పిలిచినవాళ్లకి కడుపునిండా పెట్టాలి కదండీ.

మా మేనల్లుడు జాకబ్ చేత పదకొండు స్టీలు ప్లేట్లు పంపుతున్నాను. ఆ సత్తుది వెంటనే పారేయండి.

మీ మేలు కోరే
సలోమి

తా.క.: పప్పు గరిటె కూడా పెట్టాను.

* * *

తాడేపల్లిగూడెం,
12 ఆగస్టు 2024.

సలోమి గారూ,

గ్రామఫోను ప్లేటండీ! రికార్డు! మీ ముగ్గురూ మద్రాసులో పాడింది!

నిన్న జాకబ్ గారు స్టీలు ప్లేట్లు దింపి, "ఇకనుంచి ఎవరి ప్లేటులో వాళ్లు తినమంది మా అత్తయ్య" అన్నారు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అప్పటికే మీ పాట మోగుతోంది. పాడేది ఎవరో మేం చెప్పగానే ఆయన అటు తిరిగి, "ఇది మా అత్తయ్యా?" అంటూ నేల మీద కూలబడ్డారు. మీరు పాడతారనే ఆయనకి తెలియదట!

ఆ పెళ్లిలో మైకు సెట్టు ఆయన మొదటి వైపు పడవ పాట వేస్తే పిల్లలు గంతులేశారు. రెండో వైపు "వలస పిట్టా, వెళ్లిపోకే" వేసేసరికి వంటవాళ్లు కూడా గరిటెలు ఆపేశారు. నాకప్పుడు పదహారేళ్లు. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ రికార్డు గురించి తెలిసినవాళ్లు ఈ పదిమందే దొరికారు.

రెండో చరణంలో ఒక గొంతు చటుక్కున వణికి ఆగుతుంది చూడండి, దాని మీద మాకు ఏళ్ల తరబడి తగువు. ప్రసాదరావు విరహం అంటాడు. పాపారావు మాస్టారు ఇంట్లో ఎవరో పోయారంటారు. మా ఆవిడ, తల్లి గుర్తొచ్చిందంటుంది. ఇంతకీ ఆ గొంతు ఎవరిది? ఆ దుఃఖం ఏమిటి?

పాట జాకబ్ గారి ఫోనులో ఎక్కించి పంపాను.

చలపతిరావు

తా.క.: స్టీలు ప్లేట్లు తిరిగి పంపుదామంటే ఎవరూ ఇవ్వటం లేదు. పాపారావు మాస్టారు అప్పుడే పేరు చెక్కించుకున్నారు.

* * *

ఏలూరు,
20 ఆగస్టు 2024.

చలపతిరావు గారికి,

ఆ రికార్డు బయటికొచ్చిందని నాకు ఇప్పటిదాకా తెలియదండి.

1967లో మా సంగీతం టీచరమ్మ మమ్మల్ని మద్రాసు తీసుకెళ్లారు. రెండో పాట సగంలో తబలా ఆయనకి తుమ్ము వచ్చింది. రికార్డింగులో తుమ్మకూడదని బుగ్గలు పూరించి, కళ్లు తేలేసి, మొహం వంకాయలా చేసుకున్నాడు. మాలో ఒకరు కిసుక్కుమన్నారు. మీరు ఏళ్ల తరబడి తగువులాడుకున్న దుఃఖం అదేనండి, నవ్వు. ప్రసాదరావు గారికి మెల్లగా చెప్పండి.

కంపెనీ ఆయన మండిపడ్డాడు. "పాట పాడుచేశారు, ఇది బయటికి రాదు, పొండి" అన్నాడు. "నవ్వింది సలోమి" అంది రూబీ. నేను నవ్వు ఆపుకుంటూనే ఉన్నాను, నాకే తెలియకుండా నవ్వేశానేమో అనుకున్నాను. రైల్లో "నీ మూలంగానే" అంది. అంతే, మాటలు ఆగిపోయాయి. విజయకుమారిని సమాధి చేసిన రోజు కూడా పక్కపక్కనే నిలబడి పలకరించుకోలేదు.

జాకబ్ పాట పెట్టగానే ముందు విజయ గొంతు వినిపించింది. అది పోయి మూడేళ్లయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి కొల్లేటికోట వెళ్లాను. రూబీ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. "ఎందుకొచ్చావు?" అంది. మీ ఉత్తరం చదివి వినిపించాను. పాట పెట్టాను. నాలుగుసార్లు పెట్టించుకుంది. తర్వాత, "పాట పాడవలేదే!" అంది. ఇద్దరం గట్టిగా పట్టుకుని ఏడ్చాం.

సెప్టెంబరు రెండో ఆదివారం వస్తాం. రూబీని నాతో ఏలూరు తీసుకొచ్చాను, అది కూడా మీకు ఓ మాట రాస్తానంటోంది. కాగితం ఇస్తున్నాను.

మీ
సలోమి

తా.క.: అయ్యా, నేను రూబీనండి. నవ్వింది సలోమి కాదు, నేను. ఇప్పుడు విని తెలుసుకోలేదు, ఆ రోజే తెలుసు. టీచరమ్మ తిడుతుందని భయపడి దాని పేరు చెప్పాను. తర్వాత ఎలా సరిదిద్దాలో తెలియక కోపం నటించాను, నటించీ నటించీ అదే అలవాటైపోయింది. దానికి ఇంకా చెప్పలేదు. మీ ఇంట్లో, ఆ పాట మోగుతుండగా చెబుతాను. ఈ కవరు నేనే అంటిస్తున్నాను. అందాకా మీరు నోరు మెదపకండి.