చందు మూతి తిప్పితే

పోచంపల్లి

అన్నయ్యగారికి దండాలు.

ఫోన్ చేస్తే "సరే" అని పెట్టేస్తరు. అందుకే నా కొడుకు, మీ అల్లుడు సాయికుమార్ దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి తెచ్చే చీరల మూటల గీ చిట్టి పెట్టిన. మొన్న మీ ఇంట్ల నా మనుమన్ని చూసి పరేషాన్ అయిన. నాలుగు చెంచలు తిని మూతి తిప్పంగనే మీరు గిన్నె తీసేసిన్రు! సంకకెత్తుకొని, కాకిని చూపిచ్చి, ఎట్లనో అట్ల కుక్కాలె. ఏడాది పిలగానికేం తెలుస్తది? ఉగ్గుపిండి డబ్బా పంపుతున్న. ఖాళీ కాకుంటే పిలగాన్ని పోచంపల్లి తోల్కపోతా.

మీ చెల్లె రాజమ్మ

తా.క. మీరు కాలేజీ పిలగాళ్లకు పాఠాలు చెప్పిన్రు. వాళ్లకు పళ్లున్నయి.

మన్సూరాబాద్

చెల్లెమ్మకు నమస్కారం.

డబ్బా అందింది. చందు ఆకలైతే గిన్నె లాక్కుంటాడు. చాలితే మూతి తిప్పుతాడు. ఆ తర్వాత నేను పెట్టను. బరువు సరిగానే ఉందని ఎల్.బి. నగర్ డాక్టరమ్మ చెప్పింది. చాలు అనడం పెద్దవాళ్లకే రాదు. వీడికి వచ్చు. నాకు గర్వంగా ఉంది.

మా ఆవిడ అరుణ పోయాక పగలు ఈ ఇంట్లో మాట్లాడేది వాడొక్కడే. తీసుకుపోవద్దు. డబ్బా ఖాళీ అయింది, పంపుతున్నాను.

ఇట్లు
రామస్వామి

తా.క. వాడు మాట్లాడేది ఒకటే మాట. కాకి. మీరు నేర్పిందే.

పోచంపల్లి

అన్నయ్యగారూ,

చూసిన్రా! కడిగినట్టు ఖాళీ! నా మనుమడు డబ్బెడు ఉగ్గు తింటుండని వాడకట్టంత చెప్పిన. మగ్గాలు ఆపి మరీ విన్నరు. ఈ తాప రెండు డబ్బాలు. నెయ్యి గూడ పెట్టిన.

సంబురంగ,
రాజమ్మ

తా.క. పక్కింటి లచ్చమ్మ నమ్ముతలేదు. తినేటప్పుడు ఫోటో తీసి పంపున్రి.

మన్సూరాబాద్

చెల్లెమ్మకు,

రెండు డబ్బాలూ ఖాళీ అయ్యాయి. మా అమ్మాయి మృదుల ఫోటో తీసి మీ ఫోన్‌కు పంపింది. నన్ను అడగలేదు. లచ్చమ్మగారికి చూపించకపోతే మంచిది.

రామస్వామి

తా.క. నెయ్యి కొంచెం తగ్గించండి.

పోచంపల్లి

అన్నయ్యగారూ,

ఫోటో చూసిన. పిలగాడు ఎట్లున్నోడు అట్లనే ఉన్నడు. మీ అంగీ గుండీలే తెగేటట్టున్నయి! వాడేమో చెంచ మీ నోట్లె పెడుతుండు. మీరు కండ్లు మూసుకొని తింటున్నరు.

మృదులను గట్టిగ అడిగిన. వదిన పోయినప్పటి నుంచి మీరు చాయ్ తాగి పగలంత గడిపేటోళ్లట. ఇప్పుడు చందు తనకు చాలంగనే మిగిలింది మీకు పెడతడట. మీరు నోరు తెరిచేదాక ఊకోడట.

గది నా మనుమడంటే! తన కడుపు నిండింది తెలుసు, తాత కడుపు నిండలేదని గూడ తెలుసు. గిదే మాట చెప్పి లచ్చమ్మకు ఫోటో చూపిచ్చిన. పిలగాన్ని నేను తోల్కపోను. తోల్కపోతే మీకెవరు తినిపిస్తరు?

మీ చెల్లె
రాజమ్మ

తా.క. ఈ తాప గూడ రెండు డబ్బాలు పంపుతున్న. రెండో దాంట్ల ఉగ్గు లేదు. కరకరలాడే సర్వపిండి ఉన్నది. మీకు పళ్లున్నయి గద. చాలితే మూతి తిప్పున్రి, నేనేమనను.