వెనక సీటు

అమీర్‌పేట,
హైదరాబాద్.

అవ్వకూ నాయినకూ మీ పెద్దబిడ్డ సరిత మొక్కి రాస్తున్నది.

మీ ఇద్దరి ఒంట్లో ఎలా ఉందో ముందు అది రాయించండి. నాయిన మోకాలు నొప్పి తగ్గిందా? ఎర్ర ఆవు ఈనిందా? చెల్లె మౌనిక చదువుతోందా, ఫోన్ పట్టుకుని కూర్చుంటోందా? నేనూ, మీ అల్లుడూ, మీ మనవరాలు మేఘనా ముగ్గురం బాగున్నాం. నిజంగానే బాగున్నాం అవ్వా, దిగులు పెట్టుకోకు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం దేనికంటావు. ఫోన్ చేస్తే మీరు స్పీకర్ పెడతారు, వాకిట్లో ఉన్నవాళ్లంతా వింటారు. నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేనూ మొదలుపెడతాను, ఒక్క మాటా పూర్తి కాదు. మౌనికా, ఇది తలుపు వేసి చదువు. అవ్వ మధ్యలో ఏడ్చినా ఆపకు. నేను బడికి పోయింది మన ఇంట్లో ఎవరో ఒకరు ఇలా తీరిగ్గా రాయగలగాలనే కదా.

మేఘనను మా దగ్గరికి తోలియ్యి, నువ్వు నిమ్మళంగా పని చేసుకో అని పోయినసారి అన్నావు. దానికి జవాబే ఈ ఉత్తరం.

ఇక్కడ ఎండలు తగ్గాయి, ఇప్పుడు వానలు. వాన పడితే మా గల్లీలో నీళ్లు మోకాలి దాకా వస్తాయి. మాది బల్కంపేట దగ్గర ఒక్క గది. కింది రెండు అంతస్తులూ అమ్మాయిల హాస్టల్. చుట్టూ ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మీ అల్లుడు సనత్‌నగర్ వర్క్‌షాప్‌లో డ్యూటీకి పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. జొన్నరొట్టె తినాలనిపిస్తే కర్రీ పాయింట్‌లో దొరుకుతుంది కానీ అట్టలాగా ఉంటుంది. నీ చేతి రొట్టె గుర్తొస్తే మింగుడు పడదు.

నా పని సంగతి మీకు తెలుసు. పంజాగుట్టలో లావణ్య మేడం గారింట్లో బాబును చూసుకోవడం. డిగ్రీ చదివిన మనిషయితే బాబుకు ఇంగ్లీషు మాటలు వస్తాయని నన్ను పెట్టుకున్నారు. పాపను వెంట తెచ్చుకుంటానని మొదటి రోజే అడిగాను, సరే అన్నారు. బాబుకూ మేఘనకూ ఒకటే ఈడు. సాయంత్రం బాబును పిల్లల్ని తిప్పే పాత బండిలో కూర్చోబెట్టి, మేఘనను చంకనెత్తుకుని, ఒంటి చేత్తో తోసుకుంటూ తిప్పేదాన్ని. అందుకే లావణ్య మేడం రెండు సీట్ల బండి కొందామన్నప్పుడు నేను నేల మీద లేను. ఆ రోజు నీకు ఫోన్ చేసి ఎంత గొప్పగా చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు సగమే చెప్పాను. మిగతా సగం అప్పటికి నాకూ తెలియదు.

దుకాణానికి అందరం వెళ్లాం. లావణ్య మేడం, ఆమె అత్తగారు, నేను, పిల్లలిద్దరు. అత్తగారిని మేమందరం పెద్దమ్మగారు అంటాం. వాళ్లది గుంటూరు వైపు. దుకాణం అతను రెండు రకాలు చూపించాడు. ఒకటి పక్కపక్కన సీట్లది, రెండోది ముందొకటి వెనకొకటి. మొదట పక్కపక్కన సీట్ల బండిలో ఇద్దరినీ కూర్చోబెట్టాడు. మేఘన బాబు చెయ్యి పట్టుకుని నవ్వింది.

"కవలలా మేడం? మస్తున్నరు ఇద్దరు. పాపకు అచ్చం మీ ముక్కే వచ్చింది," అన్నాడు లావణ్య మేడంతో.

లావణ్య మేడం నవ్వేశారు. పెద్దమ్మగారు నవ్వలేదు.

"కవలలేంటయ్యా? కళ్ళు కనపడట్లేదా నీకు? అది పనమ్మాయి పిల్ల."

"సారీ అమ్మా. జర పొరపాటైంది."

"ఇది వద్దు. ఆ రెండోది చూపించు. ముందూ వెనకా ఉన్నది."

"అత్తయ్యా, అందులో వెనక కూర్చున్న పిల్లకి ఏమీ కనిపించదండీ, ఎదురుగా ముందు సీటు గుడ్డే," అన్నారు లావణ్య మేడం.

"దానికి కనపడి ఏం చెయ్యాలంట? ట్రాఫిక్ పోలీసా?"

దుకాణం అతను నవ్వాడు. నేను కూడా నవ్వాను అవ్వా. ఎందుకు నవ్వానో తెలియదు. వాళ్లు నవ్వితే నవ్వడం అలవాటైపోయింది.

తరువాత నన్ను తోసి చూడమన్నారు. పిడి నా నడుముకు సరిపోతుందో లేదో, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయని రోజు మెట్ల మీద ఎత్తగలనో లేదో చూడాలన్నారు. పిల్లలిద్దరినీ దించి, నన్ను దుకాణంలో ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించారు. "కొంచెం వంగు. ఇప్పుడు ఎత్తు. ఊఁ, బలంగానే ఉందిలే," అన్నారు పెద్దమ్మగారు. మన నాయిన అంగట్లో ఎడ్లను నడిపించి చూసేవాడే, అలాగే. ఎడ్లకు డిగ్రీ ఉండదు, అంతే తేడా.

ఒకచోట ఆగి నేను బండిని ఊరికే ముందుకీ వెనక్కీ ఊపాను. పెద్దమ్మగారు ఉరికినట్టు వచ్చారు. "ఖాళీది ఊపకు!" అని అరిచి, బాబును ముందు సీట్లో, మేఘనను వెనక సీట్లో తన చేతులతో కూర్చోబెట్టారు. మన పిల్లను ఆమె అంతవరకు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నా కళ్ళలో నీళ్లు వచ్చాయి. "పెద్దమ్మగారు తన చేతులతో మన మేఘనను ఎత్తుకుని కూర్చోబెట్టింది" అని ఆ రోజు నీకు ఫోన్‌లో చెప్పింది ఇదే. నువ్వు కూడా సంతోషపడ్డావు. ఆమె కడుపు చల్లగా ఉండాలన్నావు.

ఆ రోజు నుంచి బండి నడుస్తోంది. బాబు ముందు కూర్చుని బస్సులు, కుక్కలు, మెట్రో రైలు చూస్తాడు. నేను ఇంగ్లీషులో పేర్లు చెబుతాను. మేఘన వెనక కూర్చుని ముందు సీటు గుడ్డ చూస్తుంది. నీలం గుడ్డ. కూరగాయలు కొంటే ఆ సంచి దాని ఒళ్లోనే పెట్టమంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్యన్న రోజూ అదే మాట.

"ఏం సరితమ్మా, ముందల సేటు, ఎన్క లగేజీ!"

మొదట్లో నవ్వేదాన్ని. మీ అల్లుడితో చెబితే ఆయన ఆ రోజు బాగా అలసిపోయి ఉన్నాడు.

"ఎన్క కూసుంటే ఏమైతది? ఎండల నడ్సుడు కంటే నయమే గదా. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

నిజమే అనుకున్నాను. కానీ మేఘన మాటలు తగ్గిపోయాయి అవ్వా. బండిలో కూర్చోబెట్టగానే ఆ గుడ్డను గోటితో గీకుతూ కూర్చునేది, దించేదాకా.

పోయిన నెల దానికి జ్వరం వచ్చింది. హాస్టల్‌లో వంట చేసే సత్తెమ్మ చూసుకుంటానంటే అప్పజెప్పి నేనొక్కదాన్నే పనికి వెళ్లాను. పెద్దమ్మగారు తలుపు తీసి నా చంక వైపు చూశారు.

"పిల్లేది?"

"జ్వరమండీ. సత్తెమ్మ దగ్గర పడుకోబెట్టి వచ్చాను."

"జ్వరమైతే ఇక్కడ పడుకోదా? వెళ్లి తీసుకురా. సాయంత్రం బండి బయటికి వెళ్లాలి."

"బాబును ఒక్కడినే తిప్పుతానండీ."

"సీటు ఖాళీగా తిప్పకూడదు. చదువుకున్నదానివి, చెబితే అర్థం కాదా? లావణ్యకి నాలుగో నెల."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది, పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. పుట్టబోయే బిడ్డకు ముందే ఏదీ కొనకూడదట. అయితే ఆ బండి మీద తగ్గింపు మళ్లీ ఉండదట. అందుకని పనమ్మాయి పిల్ల కోసమని చెప్పి కొన్నారట. ఆ సీటు ఖాళీగా ఊగితే కడుపులో బిడ్డకు మంచిది కాదు కాబట్టి, పుట్టేదాకా ఎవరో ఒకరు అందులో ఉండాలట.

"ఏ దిష్టి ఉన్నా కూర్చున్నదానికి పోతుంది. మీ పిల్లలు గట్టివాళ్లు, తట్టుకుంటారు," అంది. కోపంగా కూడా అనలేదు.

నాకు నువ్వు గుర్తొచ్చావు అవ్వా. మౌనిక పసిపిల్లగా ఉన్నప్పుడు ఖాళీ తొట్టెల ఊపానని నా వీపు మీద ఒక్కటి వేశావు. నీ భయం నీ బిడ్డ కోసం. ఈమె భయం కూడా వాళ్ల బిడ్డ కోసమే. కానీ నువ్వు మాత్రం పక్కింటి పిల్లను తెచ్చి తొట్టెలలో పడుకోబెట్టలేదు.

ఆ రోజు వెళ్లి జ్వరంతో ఉన్న పిల్లను తీసుకొచ్చాను. వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పాను కూడా. అది తల ఒక పక్కకు వాల్చి ఆ గుడ్డకు చెంప ఆనించి పడుకుంది. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ నువ్వు తెలుసుకోవాలి.

జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. ఇప్పుడు బాగా తింటోంది, భయపడకు.

మొన్న లావణ్య మేడం నన్ను పిలిచి మెత్తగా చెప్పారు. ఆమె ఎప్పుడూ మెత్తగానే చెబుతారు.

"సరితా, డెలివరీ అయ్యాక మేఘనని మీ అమ్మగారి దగ్గర ఉంచుతావా? ఇద్దరు పిల్లలతో మాకు నువ్వు పూర్తిగా కావాలి. రాత్రులు కూడా ఇక్కడే ఉండిపో. సీటు కూడా అప్పటికి..."

మిగతాది ఆమె చెప్పలేదు. పెద్దమ్మగారు సోఫాలోంచి పూర్తి చేసింది. "అప్పటిదాకా కూర్చోనిస్తున్నాం కదమ్మా. ఇంకెవరిస్తారు?"

హాల్లో బండి సాయంత్రం తిప్పడానికి సిద్ధంగా ఉంది. మేఘనను వెనక సీట్లోంచి తీసి చంకనెత్తుకున్నాను. ముందు సీట్లో బాబు ఉన్నాడు. పిడి పట్టుకుని బండిని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపాను. దుకాణంలో ఊపినట్టే. వెనక సీటు ఖాళీగా ఊగుతోంది, దాని బెల్టులు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఏయ్! ఏంటది? ఆపు!"

ఊపుతూనే ఉన్నాను.

"సరితా, ఆపమంటున్నానా! పిల్లని కూర్చోబెట్టు ముందు!"

"మా పిల్లకు వెనక కూర్చోవడం ఇష్టం లేదండీ. దిష్టి తగులుతోంది," అన్నాను.

లావణ్య మేడం ఒక చెయ్యి కడుపు మీదకు పోయింది. ముఖం తెల్లబోయింది. ఆమె కూడా పెద్ద చదువులు చదివింది అవ్వా, నాకంటే ఎంతో పెద్దవి. నాకు ఆ నమ్మకం లేదు, ఆమెకూ లేదనుకునేదాన్ని. ఆ చెయ్యి చూసి నాకు జాలి కలిగిందని రాస్తే నీ మనసు చల్లబడుతుంది. కలగలేదు. ఇంకొంచెం గట్టిగా ఊపాను.

"నీకేం కావాలే?" అంది పెద్దమ్మగారు. ఆమె గొంతు నేను ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు.

"పాప ముందు సీట్లో కూర్చుంటుంది. డెలివరీ దాకా రోజూ. బాబు వెనక."

"వాడికేమీ కనపడదే అక్కడ!"

"కనపడి ఏం చెయ్యాలండీ? ట్రాఫిక్ పోలీసా?"

లావణ్య మేడం "కూర్చోబెట్టు, ప్లీజ్" అన్నారు, అంతే. నేను బాబును వెనకకు మార్చి మేఘనను ముందు కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.

గేటు దగ్గర యాదయ్యన్న లేచి నిలబడ్డాడు. "అరె, సీటు మారింది! గీమె ఎవరు, కొత్త సేటమ్మనా?" అన్నాడు. ఆ రోజు నిజంగా నవ్వొచ్చింది.

ఇక నీ మాటకు జవాబు. మేఘనను పంపను అవ్వా. నీ దగ్గర అది బాగుంటుందని తెలుసు, నాకంటే నువ్వే బాగా పెంచుతావని కూడా తెలుసు. కానీ వాళ్ల బిడ్డకు సీటు కావాలని నా బిడ్డను ఊరికి తోలితే, అది పెద్దయ్యాక అడిగితే ఏం చెప్పను?

లావణ్య మేడం సోమాజిగూడ ఆసుపత్రిలో చేరే రోజు నేను పని మానేస్తాను. ఇంట్లో బాబు ఉంటాడు, పసిబిడ్డ వస్తుంది, రెండు సీట్ల బండి ఉంటుంది. తోసే మనిషి ఉండదు. ముందుగా చెబితే వాళ్లు వేరే మనిషిని చూసుకుంటారు కదా, బాలింతను అలా వదిలేస్తావా అంటావు. నాకు ముందుగా చెప్పారా? బిడ్డ మాత్రం క్షేమంగా పుట్టాలి, అది మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. నన్ను అంత చెడ్డదానిగా అనుకోకు. కింద హాస్టల్‌లో వార్డెన్ పని ఇస్తామన్నారు, పిల్లను దగ్గర పెట్టుకోవచ్చట. ఇస్తారో లేదో చూడాలి. ఒకవేళ ఆలస్యమైతే ఒక బస్తా బియ్యం బస్సుకు వేయండి. మామిడికాయ తొక్కు కూడా, కొంచెం కారం తక్కువగా. మేఘన తింటుంది.

ఇవేవీ మీ అల్లుడికి ఇంకా చెప్పలేదు. ఫోన్‌లో నోరు జారకండి.

పెద్దనాయినకు, చిన్నమ్మకు, మన వాడలో నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ నా దండాలు చెప్పండి. మౌనికా, నువ్వు చదువు మానకు. ఎవరైనా ఏదైనా మంచి చేస్తే సంతోషపడు, కానీ ఎందుకు చేస్తున్నారని ఒక్కసారి అడుగు.

మొన్న సాయంత్రం పంజాగుట్ట దగ్గర పైన మెట్రో వెళ్లింది. అది రోజూ వెళ్తుంది. మేఘన రెండు చేతులూ ఎత్తి ఎంత గట్టిగా కేక వేసిందంటే, సిగ్నల్ దగ్గర బండ్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అన్నాళ్లూ తన తల మీదుగా వెళ్తున్న చప్పుడు రైలుదని దానికి అప్పుడే తెలిసింది. వెనక సీట్లో బాబు ఏడుస్తూ కాళ్లతో ఆ నీలం గుడ్డను తన్నుతున్నాడు. వాడి తప్పేమీ లేదు. తెలుసు. వినిపిస్తూనే ఉంది.

బండి ఆపలేదు.

మేఘన నెత్తిన మీ ఇద్దరి చేతులూ పెట్టి దీవించినట్టే అనుకుంటూ,

మీ బిడ్డ,
సరిత