లైసెన్సు అడగకుండా పెట్టిన కాపలా

మంగళవారం, రాత్రి

మల్లయ్య కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి. పన్నెండేళ్లుగా నా మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడుపుతున్న మనిషి.

మధ్యాహ్నం మరకపడ్డ గుడ్డ నేనే ఇచ్చి ఇంటికి పంపాను. గల్లీ చివర గస్తీ గార్డులిద్దరు దొంగ అని ఆపారు. నేనిచ్చానని అతను, తెలుగు రాని వాళ్లకు హిందీలో మొత్తుకున్నా వినలేదు. కేకలు విని నేను పరుగెత్తి వెళ్లేసరికి అతని చేతిని గోడకు అదిమి లాఠీతో కొడుతున్నారు. అడ్డం పడితే నా భుజానికీ ఒక దెబ్బ తగిలింది. గోడంతా నెత్తురు...

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ అడిగినవి రెండే. ఆ గార్డులను పంపిన ఏజెన్సీకి లైసెన్సు ఉందా, గార్డుల గురించి పోలీసు విచారణ చేయించారా అని. గల్లీ కమిటీ తరఫున వాళ్లను పెట్టింది నేనే. ఏ కాగితమూ చూడలేదు.

పక్క కార్ఖానా సత్తన్న నా చెవిలో, "కాగితాలు చూసిన అని చెప్పు వదినా. లేకుంటే కేసు నీ మీదికొస్తది," అన్నాడు.

చూడలేదనే చెప్పాను. అదే రాయించి సంతకం పెట్టాను. కానీ రెండు గల్లీల అవతల ఇప్పటికీ ఆ ఏజెన్సీ గార్డులే తిరుగుతున్నారు.

దవాఖానాలో మల్లయ్య కట్టు వైపు చూస్తూ, "తెగిన పోగు ఈ చేతితోనే గద అక్కా ముడేసేది," అన్నాడు.

మానుతుందిలే అనబోయాను. దానికి బదులు ఆ చేతి కింద దిండు సర్దాను.