గట్టు మీద కొత్త మోకాలు

ఏవండీ,

మీరు చదవరని తెలిసే ఇంత దురుసుగా రాస్తున్నాను. ఇవాళ్టికి మీరు పోయి ఏడాది. నాకు మోకాలు మార్చిన ఏలూరు డాక్టరుగారు ఎగుడుదిగుడు నేల మీద అడుగు పెట్టొద్దన్నారు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని కొల్లేటి వైపు చేనికి బయల్దేరితే, మనబ్బాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"గట్టెక్కుతావేంటమ్మా? పడితే ఇంకేమన్నా ఉందా?"

"పడితే లేస్తాను. తప్పుకోరా."

మూడు రోజులుగా మన చేలో నీళ్ళు నిలవడం లేదు. గట్టులో ఎండ్రకాయ చేసిన బొరియ ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. అందరూ చెప్పులేసుకుని కళ్ళతో వెతికారు మరి! నేను మీలాగే చెప్పులు విడిచి, గట్టు పొడవునా మడమతో నొక్కుకుంటూ నడిచాను. ఒకచోట జారి పడ్డాను. కర్ర ఊతంతో లేచాను. ఇంకో నాలుగడుగులు వేశాక కాలి కింద గుల్లగా తగిలింది. అక్కడే బురద కూరి, గట్టిపడేదాకా తొక్కాను. నీళ్ళు ఆగాయి.

ఇంటికొచ్చి తిన్నగా దేవుడి గదిలోకి నడిచాను.

"కాళ్ళు కడుక్కోమ్మా," అన్నాడు అబ్బాయి.

కడుక్కోలేదు. మీరు పోయిన రోజు నుంచి అక్కడ నేను దీపం పెట్టలేదు. ఇవాళ పెట్టాను. ఆ దేవుడి మీద కోపం పోయి కాదు, నమ్మకం కుదిరీ కాదు. గట్టిగా ఉందో గుల్లగా ఉందో కాలు మోపితేగానీ తెలియదని మీరే కదండీ అనేవారు!