మూడో బండి ఆగింది

జులై 8, మంగళవారం
ఉదయం 9:10. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద బండి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వాన. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఒక అమ్మాయి రోడ్డు మీదికి వచ్చింది, చేతిలో ఇడ్లీ పార్శిల్. బ్రేకులు గట్టిగా పట్టేశాను. బ్రేకు లీవరు వేళ్ల కింద టకటకా కొట్టుకుంది. చక్రం జారలేదు. ఆమెకూ టైరుకూ మధ్య జానెడు. హెడ్‌లైటు నిండా చట్నీ.

"సారీ అంకుల్, బస్సునే చూసిన, మిమ్మల్ని చూడలే."

ఆఫీసులో రెండు టీలు.

ఇది నా మూడో బండి. మొదటి బండి అయితే? దానికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. తడి రోడ్డు మీద ముందు చక్రం బిగుసుకునేది… ఆ బండి ఇప్పుడు మా అమ్మాయి స్రవంతి నడుపుతోంది. మధురానగర్ నుంచి పంజాగుట్టకు, రోజూ ఇదే దారి.

జులై 9, బుధ
బండ్లు మార్చుకుందామన్నాను. కూతురు నవ్వింది.

"ఏబీఎస్ అంటే బ్రేక్ వెయ్యరానోళ్లకి అన్నదెవరు నాన్నా?"

నేనే. రెండో బండి కొన్న రోజున.

"నీ కొత్తది మస్తు బరువు. అమ్మ సుత ఒక్కసారే ఎక్కింది, మళ్ల ఎక్కలే."

రెండూ నిజాలే. కానీ వాన పడితే మెట్రోలో పోతానంది. ఈ రోజుకు అది చాలు.

జులై 10, గురు
మెకానిక్ ఖాజా భాయ్‌ని అడిగాను, పాతదానికి ఏబీఎస్ పెట్టొచ్చా అని. "కాదు సార్. పెడ్త అన్నోని దిక్కు పోకుండ్రి."

వాన. స్రవంతి మెట్రోలోనే వెళ్లింది.

జులై 11, శుక్ర
మొదటిది — తేలిక. సందుల్లో ఇప్పటికీ అదే నయం.
రెండోది — వేగం, నడుము నొప్పి. ముందు చక్రానికే ఏబీఎస్. అమ్మినందుకు విచారం లేదు.
మూడోది — నడుము నొప్పి అలాగే ఉంది. ఆగుతుంది.

జులై 12, శని
స్రవంతి షరతు పెట్టింది. "మాటలొద్దు. తడి నేల, ఒకటే స్పీడు, రెండూ నేనే నడుపుత. ఏది తొందరగ ఆగితే అది నాది."

"ఇరవై దాటొద్దు."
"ముప్పై."
"ఇరవై."
"ఇరవై అయిదు. ఇగ బేరం బంద్."

ఒప్పుకున్నాను. తర్వాత తట్టింది — ఆ వేగంలో పాతదే ముందు ఆగొచ్చు. తేలిక కదా.

మాట మార్చను. పాతదాని తాళం మాత్రం తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఈ పూటకు నిశ్చింత.

రేపు పొద్దున ఆరున్నరకు, ఎర్రమంజిల్ ఆఫీసుల వెనక ఖాళీ స్థలం. వాచ్‌మన్ సరేనన్నాడు. నీళ్లకు బకెట్లు, చేతులకు గ్లవ్స్.

ముందు పాతది నడుపుతుందట.