మూడు తెరల ముచ్చట

ఏప్రిల్ 14

నిర్ణయం తీసుకున్నాను. ఈ మామిడి సీజన్‌కి నా కంప్యూటర్‌కి మూడు తెరలు ఉంటాయి. కొత్తగా ఏదీ కొనను. ఇంట్లో ఉన్నవాటితోనే!

కారణం: పోయినేడాది కూకట్‌పల్లి వాళ్ల పెట్టె కొత్తపేటకీ, కొత్తపేట వాళ్లది కూకట్‌పల్లికీ వెళ్లాయి. రెండు చోట్లా పండ్లు తినేశారు. తినేసి, ఇద్దరూ నన్నే తిట్టారు. ఉన్నది ఒక్క తెర. దాని మీద వాట్సాప్ తెరిస్తే ఆర్డర్ల పట్టీ మూసుకుపోతుంది. పట్టీ తెరిస్తే పార్శిల్ ఎక్కడుందో తెలియదు. తప్పు నాది కాదు, తెరది.

మా ఆయన వీరభద్రరావు గారిది నూజివీడులో మామిడికాయల కొట్టు. ఆయనది టోకు బేరం. నేను ఇంట్లో కూర్చుని హైదరాబాదు వాళ్లకి అట్టపెట్టెల్లో రసాలు పంపుతాను. నిన్న వీడియో కాల్‌లో మా అమ్మాయి యశస్విని ఆఫీసు టేబుల్ చూశాను. రెండు తెరలు! అది రోజంతా చేసేది మీటింగులు. ఇంత వ్యాపారం చేసే నాకు ఒక్కటా?

ప్లాన్: ఎడమ తెర వాట్సాప్. మధ్యది ఆర్డర్లు. కుడిది పార్శిళ్లు.

ఉన్నవి: నా మానిటర్. అటక మీద యశస్విని ఇంజినీరింగ్ నాటి పాత మానిటర్. మూడోది తర్వాత చూద్దాం.

"ఉన్నవి రెండు కళ్లేగా ఉమా?" అన్నారు మా ఆయన. 

ఏప్రిల్ 16

అటక ఎక్కాను. మానిటర్ దొరికింది. వెనకాల బల్లి గుడ్లు. తుడిచాక కొత్తదానిలా మెరిసిపోయింది!

చిన్న ఇబ్బంది. దాని వైరుకి నీలం మూతి. కంప్యూటర్‌కి ఉన్న ఒక్క నీలం రంధ్రంలో ఇప్పటికే నా మానిటర్ వైరుంది. ఇంకో రంధ్రం ఉంది గానీ సన్నగా ఉంది. కంప్యూటర్ షాపు శ్రీధర్‌కి ఫోన్ చేశాను.

"దానికి కన్వర్టర్ పెట్టాలండీ మేడం. చిన్నదే."

తెప్పించాను. కన్వర్టర్ అంటే వస్తువు కాదు, వైరుకి తోక. తోకలు కొనడం కిందికి రావు.

ఏప్రిల్ 17

వెలిగింది!! రెండు తెరలు!

రెంటిలోనూ ఒకే బొమ్మ.

యశస్వినికి ఫోన్. "అమ్మా, డూప్లికేట్ అని ఉంటుంది చూడు. అది తీసేసి ఎక్స్‌టెండ్ పెట్టు." పెట్టాను. బొమ్మలు వేరయ్యాయి. మౌస్ పోయింది. కుడివైపు తోస్తే గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. ఎడమవైపు తోస్తే వెళ్లి కుడి తెరలో తేలుతుంది. మళ్లీ ఫోన్. సెట్టింగ్స్‌లో ఒకటి, రెండు అని రెండు పెట్టెలుంటాయట, వాటిని అటూ ఇటూ జరపాలట.

"మీటింగ్‌లో ఉన్నానమ్మా, పెట్టేస్తున్నా."

ఉంటుందిగా.

ఆ పెట్టెలు ఎక్కడున్నాయో కనబడలేదు. ఆలోచించి, మానిటర్లనే ఎత్తి అటుది ఇటు పెట్టాను. పని చేసింది! ఇంజినీరింగ్ చదవలేదు గానీ, చదివుంటేనా!

ఏప్రిల్ 23

చాట్రాయి నుంచి దశరథరామయ్య గారు వచ్చారు. వాళ్ల నాన్న వేసిన పెద్ద రసాల తోట ఆయనది. నా పెట్టెల్లో సగం ఆయన కాయే. మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"ఈ కాపు చూసి తేల్చుకుంటానమ్మా. చుట్టూ అందరూ ఆయిల్ పామ్ వేసేశారు. మావాడూ అదే అంటన్నాడు. గాలొస్తే కాయ రాలిపోద్ది. మిగిలిందానికి జ్యూసు ఫ్యాక్టరీ వాడు చెప్పిందే రేటు. చెట్లు కొట్టించేద్దామంటే చెయ్యి రావట్లేదు."

"కొట్టించకండి బాబాయి గారూ. ఈసారి మీ పెద్ద రసాలన్నీ నేనే పంపుతాను. ఒక్క పండు కూడా పాడవదు. ఇటు రండి, చూడండి" అని రెండు తెరలూ చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "టీవీలా?"

"మూడోది కూడా వస్తుంది."

"అట్టాగే కానీ. నీ మాట మీదే ఉంచుతన్నా మరి."

ఆయన వెళ్లాక ఆ తోట కాయకి ఎన్ని పెట్టెలవుతాయో లెక్కేశాను. మూడో తెర త్వరగా కావాలి.

ఏప్రిల్ 27

మూడో తెర ఎంపిక పూర్తయింది. హాల్లో టీవీ.

అది మా అత్తగారు వెంకాయమ్మ గారి అధీనంలో ఉంది. చర్చలు జరిపాను.

"సాయంత్రం సీరియల్ టైముకి నా టీవీ నాకు వచ్చెయ్యాలి ఉమా."

"వచ్చేస్తుంది అత్తయ్యా."

"మధ్యలో యాడ్స్ వస్తాయిగా అని చెయ్యి పెట్టొద్దు."

ఒప్పందం కుదిరింది. టీవీని గోడ మీంచి దించడం కుదరదు కాబట్టి నా కంప్యూటరే హాల్లోకి వచ్చింది. టేబుల్, కుర్చీ, రెండు మానిటర్లు. చోటు చాలక సోఫా వరండాలోకి వెళ్లింది. మా ఆయన కొట్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ సోఫాని చూసి, ఇల్లు ఖాళీ చేస్తున్నామా అని అడిగారు.

ఏప్రిల్ 28

బజారులో చిన్న డబ్బా దొరికింది. ఒక రంధ్రాన్ని రెండు రంధ్రాలు చేస్తుంది. ఎంత చవకో! శ్రీధర్‌ని అడగాల్సిన అవసరం కూడా కనబడలేదు.

తగిలించాను. మూడు తెరలు వెలిగాయి. మూడు!!! ఫొటో తీసి యశస్వినికి పంపాను.

తర్వాత గమనించాను. టీవీలోనూ పాత మానిటర్‌లోనూ ఒకే బొమ్మ. మూడు తెరలు, రెండు బొమ్మలు. అత్తయ్య తొంగిచూసి, "ఇద్దరికీ ఒకే కూర వడ్డించావేంటి?" అన్నారు.

శ్రీధర్ వచ్చాడు. "ఇది స్ప్లిట్టరండీ. ఇది అంతే చేస్తది. మీకు కావాల్సింది యూఎస్‌బీకి పెట్టే అడాప్టర్." బ్యాగులోనే ఉంది అతని దగ్గర. తీసుకున్నాను. ఇది చేసిన తప్పుని దిద్దుకునే ఖర్చు. కొత్త ఖర్చు కాదు.

వెళ్తూ, "టీవీ కూడా ఆ చిన్న యూపీఎస్‌కే పెట్టారేంటి మేడం? కరెంటు పోతే అది లాగలేదు" అన్నాడు. మిగతా ప్లగ్గులకి మిక్సీ, ఫ్యానూ ఉన్నాయి. టీవీని ఎక్కడ పెట్టను, నెత్తినా? పైగా ఇంకో యూపీఎస్ కొనిపించే ఎత్తు అది. నాకు తెలియదా!

మే 3

మూడు తెరలు! మూడు బొమ్మలు! ఎడమన వాట్సాప్, మధ్యన ఆర్డర్లు, కుడిన పార్శిళ్లు. కుర్చీలో కూర్చుంటే రైల్వే వాళ్ల కంట్రోల్ రూములా ఉంది. ఊరికే కూర్చుని కాసేపు చూశాను. పని చేయలేదు. చూశాను, అంతే.

చిన్న చిన్న విషయాలు: టీవీ ఎత్తులో ఉంది కాబట్టి మెడ పట్టేసింది. మౌస్ టీవీ దాకా వెళ్లేసరికి కాఫీ చల్లారిపోతోంది. అలవాటైపోతుంది.

మే 8

ఉదయం నుంచి ముగ్గురు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న: మా పెట్టె ఏదండీ?

పెద్దగా కనబడుతుందని ఆర్డర్ల పట్టీని టీవీ మీదికి మార్చుకున్నాను. ఆ టీవీ బొమ్మ అంచులు కోసేస్తుందట! పేజీకి ఒకటి చొప్పున కింది పేర్లు నాకు కనబడనే లేదు. ఒకావిడ ఏడుపు గొంతుతో, "మా నాన్నగారికి ఒంట్లో బాలేదండీ, నూజివీడు రసం ఒక్కటే అడిగారు" అంది. దశరథరామయ్య గారి తోట తొలి కోత పండ్లతో ఆవిడ పెట్టె సర్ది, మా ఆయన స్వయంగా బస్సు ఎక్కించి వచ్చారు.  నన్ను ఒక్క మాట అనుంటే బాగుండేది.

శ్రీధర్ రిమోట్‌తో ఏదో నొక్కి అంచులు తెప్పించాడు. కాబట్టి తెరల సంఖ్యలో ఏ లోపమూ లేదు.

మే 12

ఒప్పందం దెబ్బతింది. సీరియల్‌లో కోడలు విషం కలిపిన పాలు అత్తగారికి అందిస్తోంది. సరిగ్గా అప్పుడే నేను ఏదో నొక్కాను. టీవీ నా కంప్యూటర్‌కి మారిపోయి, హాలంతా మోగేలా, "ఆంటీ, రెండు పెట్టెలు చిన్న రసాలు, పులుపు లేకుండా" అంది. ఎవరిదో వాయిస్ మెసేజ్. శబ్దం కూడా టీవీలోంచే వస్తుందని నాకేం తెలుసు?

అత్తయ్య రాత్రి నేనిచ్చిన పాలు వాసన చూసి తాగారు.

మే 18

దశరథరామయ్య గారి పెద్ద రసాలు వచ్చాయి. ట్రాక్టరు నిండా. మా పడకగదిలో మంచం ఎత్తేసి వరిగడ్డి పరిచి మగ్గబెట్టాం. కాయ ఎంత బాగుందో! దింపేటప్పుడు ఆయన ఒక్కో గంపా తనే పట్టుకున్నారు, చంటిపిల్లల్ని అందిస్తున్నట్టు.

కుడి తెర మీద ఈమధ్య పార్శిళ్ల బదులు వంటల వీడియోలు నడుస్తున్నాయి. మెదడుకి విశ్రాంతి కావాలి. రేపటి నుంచి కచ్చితంగా పార్శిళ్లే.

మే 23

ఇవాళ జరిగింది రాయాలంటే చేతులు రావడం లేదు.

పండు తయారైంది. ఇవాళ వెళ్లకపోతే రేపటికి జారిపోతుంది. పొద్దున్నే కూర్చుని పేర్లు, అడ్రసులు, ఎవరికెన్ని పెట్టెలు అన్నీ పట్టీలో ఎక్కించాను. చివరి పేరు కొడుతుండగా గాలి లేచింది. కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క కూత కూసింది. మూడు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి. ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు నేను.

అదే సమయానికి దశరథరామయ్య గారు గేటు తీసుకుని వచ్చారు, పెట్టెలు బయల్దేరడం చూద్దామని.

ఇల్లంతా రసాల వాసన. ఆ వాసనంటే నాకు ప్రాణం. ఇవాళ భయం వేసింది. "పోయాయి బాబాయి గారూ. అన్నీ పోయాయి" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన నల్లటి తెరల వంక, నా వంక చూశారు.

అత్తయ్య అన్నారు: "ఆర్డర్లు చెప్పినవాళ్లు ఎక్కడ చెప్పారు?"

"ఫోన్లో."

"ఫోన్ పోయిందా?"

పోలేదు. నా ఒళ్లోనే ఉంది.

మా ఆయనకి కబురు చేస్తే సీజన్ మధ్యలో, బేరాలు నడుస్తుండగా కొట్టు మూసేసి వచ్చారు. నలుగురం హాల్లో నేల మీద కూర్చున్నాం. అరచేతిలో ఉన్న ఆ చిన్న తెర చూసి నేను పేర్లు చదివాను. మా ఆయన స్కెచ్ పెన్నుతో పెట్టెల మీద రాశారు. అనుమానం ఉన్న చోటల్లా ఫోన్ చేసి కనుక్కున్నాను. దశరథరామయ్య గారు ప్రతి పండునీ ముచ్చిక దగ్గర నొక్కి చూసి, ఒక్కోటే అత్తయ్యకి అందించారు. ఆవిడ గడ్డి వేసి సర్దారు. టీ పెట్టడం కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం బస్సుకి పెట్టెలన్నీ వెళ్లాయి. ఒక గంపెడు పండ్లు మాత్రం బాగా మగ్గిపోయి ఆగిపోయాయి. ఒక్క పండు కూడా పాడవదని ఆయనకి మాటిచ్చాను. ఆయన ఆ గంపలోంచి రెండు పండ్లు తీసుకుని, వరండాలో సోఫా మీద కూర్చుని, నెమ్మదిగా పిండుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. చెట్ల మాట ఎత్తలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మే 24

టీవీ అత్తయ్యకి వెళ్లిపోయింది. సోఫా హాల్లోకి వచ్చింది. కంప్యూటర్ పాత గదిలోకి చేరింది. పాత మానిటర్ని అటక ఎక్కించే ఓపిక లేక బియ్యం డబ్బా మీద పెట్టాను.

నిర్ణయం మానుకోలేదు. వాతావరణం బాగోలేదు, అంతే. గాలులకి ఎవరేం చేస్తారు?

జూన్ 9

వాన పడింది. సీజన్ అయిపోయింది. డైరీ తీయాలనిపించలేదు ఇన్నాళ్లూ. ఇవాళ తీయాల్సి వచ్చింది.

దశరథరామయ్య గారు వచ్చారు. చెట్లు కొట్టించే రోజు చెప్పడానికే అనుకున్నాను. కాఫీ ఇచ్చి, ఆయన మొహం చూడకుండా నిలబడ్డాను.

"అమ్మా, నీ టీవీల్లో ఒకటేమన్నా ఖాళీగా ఉందా?"

"ఎందుకు బాబాయి గారూ?"

"తోటలో కెమెరాలు పెట్టిస్తన్నా. కోతులతో వేగలేకపోతన్నాం, దానికి తోడు దొంగలు. వచ్చే కాపు నాటికన్నా ఉండాలి గదా. కొత్తది కొందామంటే మావాడు గోల."

నరికేసే చెట్లకి కెమెరాలు ఎవరూ పెట్టించరు. అది నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది.

"మరి ఆయిల్ పామ్?"

"చూద్దాంలే. నువ్వు పంపినాళ్లలో ఎవరో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశారు. జబ్బుగా ఉన్న వాళ్ల నాన్న రెండు పండ్లు తిన్నాడంట. మళ్లీ ఏడు కూడా ఆ చెట్టుదే కావాలంట." కాఫీ తాగేశారు. "మరీ మరీ అడిగింది ఆ పిల్ల."

పాత మానిటర్ని నేనే మోసుకెళ్లి ఆయన బండిలో పెట్టాను. వైరు ఇచ్చాను. కన్వర్టర్ ఇచ్చాను. స్ప్లిట్టర్ కూడా ఇచ్చేశాను. ఏమైనా పనికొస్తుందేమో.

సాయంత్రం యశస్విని ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసులో పాత మానిటర్లు చవగ్గా ఇచ్చేస్తున్నారట. "నీకెన్ని చెప్పనమ్మా?"

లెక్క చూశాను. ఉన్నది ఒకటి.

"రెండు" అన్నాను.

కాబట్టి నిర్ణయం: వచ్చే సీజన్‌కి నా కంప్యూటర్‌కి మూడు తెరలు. ఈసారి అన్నీ మానిటర్లే, టీవీ జోలికి వెళ్లను. పాతవి కొనడం కొత్తగా కొనడం కిందికి రాదు. శ్రీధర్‌కి ఫోన్ చేసి మంచి యూపీఎస్ ఎంతవుతుందో ఊరికే, మాటవరసకి అడిగాను.

అత్తయ్య అంతా విన్నారు. టీవీ రిమోట్ తీసుకుని, పవిట కొంగున పెట్టి ముడేసుకున్నారు.